మీద పడకు

అమ్మకు నమస్కరించి నీ చిన్నకూతురు రాస్తున్నది. ఇక్కడ నీ అల్లుడూ, నీ మనవరాలు పిడుగూ క్షేమం. నా సంగతి మాత్రం ఉత్తరమంతా చదివి నువ్వే తేల్చు. "అందరం క్షేమం" అని రాసే ఓపిక ఈసారి నాకు లేదు.

నీ ఉత్తరం అందింది. అన్నయ్య తెచ్చిన నూనె మోకాళ్లకు పనిచేస్తోందన్నావు, సంతోషం. వదిన ఉద్యోగం ఖాయమైందన్నావు, అదీ సంతోషమే. ఆ తర్వాత నన్ను కడిగి పారేశావు. "పిల్లను అలా కసురుకుంటావేం? నీ దగ్గరికి రావాలంటే భయమేస్తోందని నాకు రాసింది. కన్నతల్లివేనా నువ్వు?" అని అడిగావు. అది చదివాక నాకు ఒళ్లు మండిపోయింది. ఎందుకో చెప్తాను. నీకు ఫోన్లో సరిగా వినపడదు కాబట్టి సరిపోయింది, లేకపోతే అప్పుడే అరిచేదాన్ని.

ఆర్నెల్లుగా నాకు రొమ్ముల్లో నొప్పి. రెండువైపులా బరువు, సలుపు. ఒక్కోరోజు జాకెట్టు తగిలినా చురుక్కుమంటుంది. నెలసరి కూడా దాని ఇష్టమొచ్చినట్టు వస్తోంది, పోతోంది. నేను నడిపేదా బస్సు. సీటుబెల్టు సరిగ్గా అక్కడే ఒరుసుకుంటుంది. చక్రం గుంతలో పడ్డప్పుడల్లా కళ్లలో నీళ్లు తిరుగుతాయి, వెనక చూస్తే బస్సు నిండా జనం. చివరికి చేతి తువ్వాలు మడిచి బెల్టు కింద పెట్టుకున్నాను. డిపోలో సూపర్‌వైజరు అది చూసి, "ఏంటమ్మా, బస్సులో కూడా దిండేసుకుంటున్నావా?" అన్నాడు. అక్కడున్నవాళ్లంతా నవ్వారు. రోజూ నా ఫ్లాస్కులో టీ తాగే మా కండక్టరూ నవ్వాడు.

నీ అల్లుడికి చెప్తే, "గ్యాస్ అయ్యుంటుంది, సోడా తాగు" అన్నారు. ఆయనకు నెత్తి నుంచి కాలి బొటనవేలి దాకా ఏది నొప్పి పెట్టినా గ్యాసే. పక్కింటి టీచరమ్మయితే గొంతు తగ్గించి, "ఈ వయసులో ఇవన్నీ మామూలే. బయటికి చెప్పుకుంటారా ఎవరైనా?" అంది. మామూలే అయితే నాకు ముందే ఎందుకు చెప్పలేదు? మబ్బు పడితే చాలు, గొడుగు పట్టుకెళ్లమని చెప్పే ఆడవాళ్లు వీధి నిండా ఉన్నారు. దీని దగ్గరికొచ్చేసరికి ఒక్కరికీ నోరు పెగల్లేదు.

అది కాన్సరేమోనని లోలోపల చచ్చిపోయాను. గడ్డేదైనా తగులుతుందేమోనని స్నానం చేసేటప్పుడు చెయ్యి అటు పోనిచ్చేదాన్ని కాదు. అలా నెలలు గడిపాక, ఇక లాభం లేదని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ చేత్తో చూసింది, స్కానింగులు తీయించింది. గడ్డా గిడ్డా ఏమీ లేదంది. "ముట్లు ఆగిపోయే ముందు కొన్నేళ్లు ఒంట్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఈ నొప్పి దానివల్లే. ఉత్త నొప్పి ఒక్కటే అయితే చాలావరకు కాన్సర్ కాదు. గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి ఏదైనా కారినా, నొప్పి ఒకేచోట పాతుకుపోయినా వెంటనే రండి" అంది. సాగిపోయిన పాత బ్రాలు పారేసి, సరైన కొలతవి కొనుక్కోమంది. ముట్లు పూర్తిగా ఆగాక చాలామందికి ఈ నొప్పి పోతుందని కూడా చెప్పింది.

నేను కళ్లు తుడుచుకుంటుంటే, "మీ అమ్మగారికీ ఇలాగే ఉండేదా? ఆవిడకు ఏ వయసులో ఆగాయి?" అని అడిగింది. నీ టీలో చక్కెర ఎంతో నాకు తెలుసు. నీ చెప్పుల సైజు తెలుసు. శుక్లం ముందు ఏ కంట్లో వచ్చిందో కూడా తెలుసు. ఇది మాత్రం తెలియదు. "తెలీదండీ" అన్నాను. ముందు సిగ్గేసింది, ఆ వెనకే నీమీద కోపం వచ్చింది. ఇంటికొచ్చేదాకా ఆ కోపంతోనే నడిచాను.

ఇప్పుడు నువ్వడిగినదానికి జవాబు. ఆస్పత్రికి వెళ్లకముందు ఒకరోజు పిడుగు బడి నుంచి పరుగున వచ్చి, ఎప్పట్లాగే నా మీదికి దూకింది. ప్రాణం పోయినంత పనైంది. మోచేత్తో తోసేసి, "పెద్దదానివయ్యావు, మీద పడకు" అన్నాను. అన్నాక గుర్తొచ్చింది, ఆ మాటలు నీవి. నాకూ అప్పుడు దాని వయసే. నువ్వు కుట్టుమిషను ముందు నుంచి లేస్తుంటే వచ్చి వాటేసుకున్నాను. ఇదే మోచెయ్యి, ఇదే మాట. ఆ తర్వాత నేనెప్పుడూ నీ మీద పడలేదు. అమ్మకు నేనంటే వెగటు పుట్టిందనుకున్నాను. ఇది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు, నీ అల్లుడికి కూడా. నాకు ఉద్యోగం వచ్చిననాడు కూడా నువ్వు దూరం నుంచి భుజం తట్టావు, అంతే.

నీ ఉత్తరం వచ్చాక పిడుగును కూర్చోబెట్టి, ఎక్కడ నొప్పో, ఎందుకో అంతా చెప్పాను. "ముందే చెప్పొచ్చుగా, నేనేదో తప్పు చేశాననుకున్నా" అని మూతి ముడుచుకుంది. ఇప్పుడు బడికి వెళ్లేముందు, "ఇవాళ ఎట్నుంచి?" అని అడిగి, నొప్పిగా ఉందంటే వీపు వైపు నుంచి చుట్టుకుంటుంది. డిపోలోనూ చెప్పేశాను. "రొమ్ముల నొప్పి సార్, అందుకే తువ్వాలు" అంటే సూపర్‌వైజరు ఎటు చూడాలో తెలియక గోడ గడియారం వైపు చూశాడు. ఆ రోజు టీ కండక్టరే తెచ్చాడు.

నీకూ అప్పుడు ఇదే నొప్పి అయ్యుండాలి. ఉందని చెప్పలేదు, సరే. నీకూ ఎవరూ చెప్పి ఉండరు. కానీ డాక్టరమ్మ చెప్పినదాన్ని బట్టి ఆ నొప్పి నేనింకా ఆ ఇంట్లో ఉండగానే పోయి ఉండాలి. పోయిందని ఎందుకు చెప్పలేదమ్మా? నేను పక్కగదిలోనే ఉన్నానుగా.

సెలవులకు వస్తున్నాం. జవాబు రాయకపోయినా ఫర్వాలేదు. గుమ్మంలో నిలబడు, నేను మీద పడతాను.

ఇట్లు,
ఇంకా కోపం తగ్గని
నీ చిన్నకూతురు