దిగువసభలో తువ్వాలు

తిరువూరు,
ఏప్రిల్ 4

ఆస్ట్రేలియాలోని పాత శాసనసభ భవనం పెద్దలకు తిరువూరు చంద్రశేఖరం నమస్కారాలు.

నేను మా ఊళ్ళో కిరాణా కొట్టు నడిపి, మోకాళ్ళు మొరాయించాక మూసేసినవాణ్ణి. పొట్లాలకని తూకానికి కొన్న పాత పుస్తకాల్లో మీ వలస పాలననాటి మొదటి దిగువసభ చరిత్ర ఒకటి దొరికింది. చింపబుద్ధి కాలేదు. అందులో జాషువా పెండ్రీ అని ఒక సభ్యుడున్నాడు. బంగారు గనుల వాళ్ళు గెలిపించి పంపితే ఒక్కరోజూ సభకు రాలేదట. అయినా సభ్యుల పేర్లు పిలిచిన ప్రతిసారీ ఆయన పేరూ పిలిచేవారట. తర్వాత ఉప ఎన్నిక జరిగినట్టు ఎక్కడా లేదు.

అంటే ఆ సీటు ఇప్పటికీ ఖాళీ. నాకు వేరే పనేమీ లేదు. ఇప్పించగలరు.

తెలుగులో రాశానని ఏమీ అనుకోవద్దు. మావాళ్ళు లేని దేశం లేదని ధైర్యం.

ఇట్లు, సీటు కోరే
చంద్రశేఖరం

తా.క. పుస్తకంలోని బొమ్మలో ముగ్గురు సభ్యులు కునుకు తీస్తున్నారు. ఆ పని నాకు బాగా వచ్చు.

•

పాత శాసనసభ భవనం,
మే 2

చంద్రశేఖరం గారికి,

మీ ఉత్తరం ఇక్కడ అన్ని బల్లలూ తిరిగి చివరికి నా బల్ల మీద ఆగింది. తెలుగు చదవగలిగేది నేనొక్కదాన్నే. పాత రికార్డుల విభాగంలో పనిచేస్తాను.

ఆ సభ ఎప్పుడో రద్దయింది. హాలును మ్యూజియం చేశారు. పెండ్రీ గారి సీటు ఖాళీగానే ఉంది గానీ అందులో ఎవరినీ కూర్చోనివ్వం. మీరు వస్తే చూడవచ్చు.

భవదీయురాలు,
శ్రీలలిత

తా.క. మాది విస్సన్నపేట. ఈ ముక్క ఆఫీసు తరఫున రాసింది కాదు.

•

తిరువూరు,
మే 28

చిరంజీవి శ్రీలలితకు, పక్క ఊరి పెదనాన్న ఆశీస్సులు.

సీటు ఖాళీగా ఉందని నువ్వే ఒప్పుకున్నావు, సంతోషం. విస్సన్నపేట పిల్లవి, నీకు వేరే చెప్పాలా? బస్సు ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేసినవాడిదే సీటు. నా తువ్వాలు పార్సిల్లో పంపుతున్నాను. పెండ్రీ సీటు మీద పరిచెయ్యి. ఎవరైనా అడిగితే మనిషి వస్తున్నాడని చెప్పు.

పొరుగింటి సుబ్బాయమ్మకు చెప్పాను. సాయంత్రానికి వీధంతా తెలిసిపోయింది. వీధి దీపం కావాలని ఆవిడ ఇచ్చిన అర్జీ కూడా ఇందులోనే పెట్టాను.

అమ్మాయీ, ఉన్నమాట చెబుతాను. మా ఆవిడ సీతామహాలక్ష్మి పోయాక ఇంట్లో నన్ను పిలిచే మనిషి లేదు. కొట్టున్నప్పుడు అందరికీ శెట్టిగారిని, కొట్టుతో పాటు అదీ పోయింది. బ్యాంకులో నంబరు పిలుస్తారు, ఆస్పత్రిలోనూ నంబరే. మొహం చూపించని పెండ్రీని అన్నిసార్లు పేరుపెట్టి పిలిచారంటే నాకు అసూయగా ఉంది.

నీ పెదనాన్న
చంద్రశేఖరం

తా.క. తువ్వాలు ఉతికిందే. మూలనున్న మరక ఆవకాయది. అది నాకంటే మొండిది.

•

పాత శాసనసభ భవనం,
జూలై 9

పెదనాన్నగారికి నమస్కారం.

మీ పార్సిల్ విప్పిన అధికారి ఆ మరకను వాసన చూసి, ఇది తినేదా కట్టుకునేదా అని నన్ను అడిగాడు. రెండూ కాదు, సీటు రిజర్వేషన్ అన్నాను. వీధి దీపం మా అధికార పరిధిలో లేదని సుబ్బాయమ్మ గారికి జవాబు విడిగా జత చేశాను.

తువ్వాలు ఒక్క పూట పరిచి తీసేద్దామనుకున్నాను. ఈలోపు చూడటానికొచ్చినవాళ్ళు అదీ పాతకాలపు వస్తువేననుకుని ఫొటోలు తీసుకున్నారు. ఇదెవరిదని మా పెద్దసారు అడిగితే తిరువూరు సభ్యుడిదని నోరు జారాను. తిరువూరంటే ఏదో బంగారు గని ఊరనుకుని ఆయన పక్కన బోర్డు పెట్టించారు: "తిరువూరు సభ్యుని తువ్వాలు". ఇప్పుడు తీయాలంటే కమిటీ కూర్చోవాలి.

ఇంకో చిక్కు. సెలవు అడగకుండా ఒక సమావేశకాలమంతా రాకపోతే సీటు పోతుందని ఆనాటి నియమం. పెండ్రీ సీటు పోయింది అలాగే. దయచేసి ఇక ఏమీ పంపకండి.

శ్రీలలిత

తా.క. మధ్యాహ్నం ఆ హాలు గుమ్మం దగ్గర బల్ల మీద ఒక్కదాన్నే అన్నం తింటాను. ఇప్పుడు ఎదురుగా మీ తువ్వాలు కనిపిస్తోంది. తోడున్నట్టే ఉంది.

•

తిరువూరు,
ఆగస్టు 11

శ్రీలలితమ్మకు, సెలవు కోరుతూ పెదనాన్న రాసేది.

వానల వల్ల, మోకాళ్ళ వల్ల, దూరం వల్ల సభకు రాలేకపోతున్నాను. సెలవు మంజూరు చేయించు.

నీ జవాబు పట్టుకుని సుబ్బాయమ్మ ఊళ్ళో ఆఫీసుకు వెళ్ళింది. సంగతి విదేశం దాకా పోయిందా అని వాళ్ళు కంగారుపడి దీపం వేయించారు. పరిధిలో లేకుండానే నేను సాధించిన పని అది.

సెలవు ఇవ్వకపోయినా ఒక్కటి చెయ్యి. ఆ హాల్లో ఒక్కసారి నా పేరు పిలువు. రాలేదని రాసుకున్నా పర్వాలేదు. పిలిచావని తెలిస్తే చాలు.

సెలవు మీద ఉన్న సభ్యుడు
చంద్రశేఖరం

తా.క. శెట్టిగారని మాత్రం పిలవకు.

•

పాత శాసనసభ భవనం,
అక్టోబరు 6

గౌరవనీయ మాజీ సభ్యులకు,

మీ సెలవు చీటీ గడువు దాటాక అందింది. నియమం ప్రకారం మీ సీటు పోయింది. కమిటీ కూర్చుంది, ఒప్పుకుంది. తువ్వాలు తిప్పి పంపుతున్నాను. బోర్డు మాత్రం పెద్దసారు తీయనివ్వలేదు.

నిన్న అందరూ వెళ్ళాక స్పీకరు కుర్చీ పక్కన నిలబడి మీ పేరు పిలిచాను. ఎవరూ పలకలేదు. పలకరని తెలిసీ కాసేపు ఆగాను. చాలా దిగులేసింది పెదనాన్నా. ఇంతదూరం నుంచి పిలిచి లాభం లేదనిపించింది.

వచ్చే నెలాఖరుకు వస్తున్నాను. నెమలి ఊరి వేణుగోపాలస్వామికి అమ్మ మొక్కు ఇంకొకటి ఉండిపోయింది. ఇప్పుడు అమ్మా లేదు, నాన్నా లేరు, విస్సన్నపేటలో ఇల్లూ లేదు. కిందటిసారి వచ్చినప్పుడు ఎవరికీ చెప్పకుండానే తిరిగి వచ్చేశాను, చెప్పడానికి ఎవరూ లేక. తిరువూరు బస్టాండులో నెమలి బస్సెక్కి దారంతా నిలబడే వెళ్ళాను. నా కోసం సీటు ఆపేవాళ్ళెవరు?

మీ తువ్వాలు కొలిచి చూశాను. ఇద్దరికి సరిపోతుంది. మోకాళ్ళు ఎలా ఉన్నా బస్టాండు దాకా రండి. నెమలి బస్సు ఆగకముందే వేసెయ్యండి. ఎవరైనా అడిగితే మనిషి వస్తోందని చెప్పండి.

మీ
శ్రీలలిత

తా.క. నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు కదా. బస్టాండులో దిగి, జనం తిరిగి చూసినా సరే, చంద్రశేఖరం గారూ అని గట్టిగా పిలుస్తాను. పలకండి.