బొటనవేలి మీద కమాను

1963 మార్చి 4, సోమవారం
పాళెంలో ఆరో రోజు. ఇవాళ్టికి గాని ఒక్క వేలూ సిరా తాకలేదు. వేలిముద్ర అనగానే వీళ్ళకి పోలీసులే గుర్తొస్తారు. ఎవరి వేలికి ఏ రకం గీతలున్నాయో లెక్కకట్టే చదువు నాది, అంతే — అని ఎంత చెప్పినా వినరు. పాళేనికి పెద్ద, పెద్దకాపు పోలయ్య ముందుగా వేలు పెడితే గాని ఊళ్ళో ఎవరూ పెట్టరట. చివరికి పెట్టాడు. అంతకుముందు నా దోసిట్లో సముద్రపు నీళ్ళు పోసి ఒట్టు వేయించాడు, ఈ కాగితాలు పోలీసుల కంట పడనీయనని. వేశాను. మాటేగా, ఏం పోయిందిలే అనుకున్నా.

మార్చి 6
ఇప్పుడు తోసుకుంటూ వస్తున్నారు. "నాకెన్ని చక్రాలుండాయి సామీ?" చక్రాలుంటే అదృష్టమట. శంఖాలొచ్చినవాళ్ళు నా మీద అలుగుతున్నారు, నేనేదో గీసిపెట్టినట్టు. నన్నిక్కడికి పంపిన ప్రొఫెసరు గారు నంబర్లే వేయమన్నారు, పేర్లొద్దన్నారు. "పేరు లేకపోతే అది నా వేలెట్టయితాది?" అని ఒక అవ్వ కాగితం లాగేసుకుంది. సరే, అందరి పేర్లూ రాశాను. ముద్రల పక్కనే...

మార్చి 9
వల తాళ్ళు లాగి లాగి గీతలరిగిన వేళ్ళు. సబ్బుతో కడిగించి మళ్ళీ తీస్తున్నా. పోలయ్యకూ వాళ్ళమ్మకూ కుడి బొటనవేలి మీద కమాను! శంఖమూ కాదు, చక్రమూ కాదు — గట్టులా లేచి దిగే గీతలు. ఇన్ని కాగితాల్లో వాళ్ళిద్దరికే. సంతోషం పట్టలేక ప్రొఫెసరు గారికి కార్డు రాశాను.

మార్చి 12
దగ్గర్లోని బోగోలులో, బట్టల కొట్లో దొంగతనం. సబ్-ఇన్‌స్పెక్టరు నేనుంటున్న బడి గదికే వచ్చాడు. దీపం చిమ్నీ మీద దొరికిన ముద్ర, కుడి బొటనవేలిదట — ఫోటో చూపించి, "చదువుకున్నవారు, ఏమంటారు?" అన్నాడు. నోరు జారాను.
"కమాను! ఇక్కడ చాలా అరుదండీ."
"అరుదంటే?"
"ఇద్దరికే."
ఛీ. నా పాండిత్యం తగలెయ్య.
రేపు పదింటికి ఆ రెండు కాగితాలూ కావాలట.

మార్చి 13
కమాను ఉన్నంత మాత్రాన దొంగ కాదు. పక్క పాళెంలో ఎందరికుందో నేను చూడనే లేదు. ఇదంతా నిన్న చెప్పాల్సింది. ఫోటో ప్రతి ఒకటి నా దగ్గరే వదిలి వెళ్ళాడు, భూతద్దం ఉంది, గీతగీతా పోల్చి చూడొచ్చు. భయమేసింది. చూడలేదు.

తొమ్మిదింటికి పోలయ్య వచ్చాడు. సంగతి ఎవరు చెప్పారో. తిడతాడనుకున్నా. తిట్టినా బాగుండేది.
"అమ్మ కాగితం దాచిపెట్టు సామీ. ముసిల్ది, టేసను దాకా నడవలేదు. నాది ఇచ్చేయ్."
అంతే, వెళ్ళిపోయాడు.

నువ్వే చేశావా అని అడగలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తాడు. అదే నా భయం.
పది కావస్తోంది. రెండు కాగితాలూ బల్ల మీదే ఉన్నాయి. జీపు చప్పుడు...