సెల్వి కట్టుకున్న నా పట్టీ

మంగళవారం రాత్రి, కోరమండల్

ఫ్యాక్టరీలో గుండె వేగం కొలిచే సెన్సర్ పట్టీలు, ఒక్కోటి ఒక్కోరి పేరు మీద, మా చేతులకు కట్టి వారమయింది. నా పక్క మిషన్‌లో పనిచేసే సెల్వి పట్టీ, గుండె వేగం ఎక్కువని, దినామూ ఎర్రగా వెలుగుతా ఉండాది. "పనిలోనుంచి తీసేస్తారక్కా, నీది నాకియ్యి" అని ఏడిస్తే పొద్దున మార్చుకున్నాము.

సాయంత్రం సూపర్‌వైజర్ లిస్టు చదివినాడు. "సెల్వి గుండె బాగుండాది, రేపట్నుంచి పెయింట్ కాల్చి ఆరబెట్టే ఓవెన్ దగ్గర. నీకు ఎర్రొచ్చిందమ్మా, నువ్వు కూర్చోని ప్యాకింగ్ చెయ్యి."

నిజం చెప్పబోతే సెల్వి నా చెయ్యి గట్టిగా పట్టుకోని ఆపేసింది.

బస్సులో ఆమె పట్టీ ఆమెనే తిరిగి తీసుకోమన్నాను. "వద్దక్కా, ఓవెన్ దగ్గర నాది కడితే దొరికిపోతాను" అనింది. మాట్లాడేదానికే ఆయాసపడతా ఉండాది.

రేపు ఆ వేడిలో ఆమె గుండెకు ఏమన్నా అయితే, ఆ పట్టీ చూపించేది నా పేరే; అందరూ పరుగెత్తుకొచ్చేది ప్యాకింగ్‌లో కూర్చోనుండే నా దగ్గరికే.