రెండో శ్రోత

మార్కాపురం,
జూన్ 4

ప్రియమైన చెల్లెలు పద్మజకు,

తిమింగలాల పాటల మీద నీ వ్యాసం అందింది. అచ్చుకు పోకముందే నాకు పంపావు, సంతోషం. నసీమా పోయాక ఈ ఇంట్లో తిమింగలాల మాట ఎత్తినవాళ్లు లేరు. వాటి పాటల రికార్డింగులు వినడానికి ఆమె హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే ఎండాకాలంలోనూ కూలర్ ఆపేవాణ్ణి. "గుంపు మొత్తానికీ ఒకటే పాట. కంటికి కనపడకపోయినా పాటే పట్టిస్తాది," అనేది. చెమట తుడుచుకుంటూ వినేవాణ్ణి.

అందరూ ఒకటే గుంపు అనుకున్నవి రెండు గుంపులని తేల్చింది ఆమే కదా. వ్యాసం మీద నీ పేరు ఒక్కటే ఉంది. ఆమెను "రెండో శ్రోత" అని మాత్రమే రాశావు. పొరపాటైతే సరిదిద్దు.

నీ అన్న,
సాజిద్

విశాఖపట్నం,
జూన్ 15

ప్రియమైన సాజిద్ అన్నకు,

పొరపాటు కాదు. పేరు వద్దని నసీమానే అడిగింది. కారణం మాత్రం అడగొద్దు అన్నా. వేళకు తింటున్నారా? ఒకసారి ఇటు వచ్చిపోండి.

మీ చెల్లెలు,
పద్మజ

మార్కాపురం,
జూన్ 21

పద్మజ గారికి,

ఎమ్మెస్సీలో నసీమాదీ మీదీ ఒకే బెంచీ. మా నిఖా రోజు మా అమ్మ పక్కన కూర్చుని భోంచేశారు. క్యాన్సర్ మందు ఎక్కించుకోవడానికి నసీమా మీ ఊరు వస్తుంటే, నేనూ వస్తానన్నాను. స్టేషన్లో కసిరింది: "మీరేంది, చంటిపిల్లోడి మాదిరి వెంబడి పడినారు? కాలేజీలో పాఠాలు ఎవరు చెప్తారు? పద్మజ ఉంది కదా!"

మీ మీద అంత నమ్మకం ఆమెకు. చనిపోయిన మనిషి వచ్చి కాదనదు కాబట్టి ఆమె మాటగా ఏదైనా చెప్పవచ్చు. ఆమె పేరు వేయకపోతే పత్రికకు నేనే రాస్తాను.

సాజిద్

విశాఖపట్నం,
జులై 2

సాజిద్ అన్నకు,

ఇక దాచలేను. మూడో పేజీలో రెండో శ్రోత విన్న తేదీలు ఉన్నాయి. మీరు ఆమెను ఆసుపత్రికని రైలెక్కించిన తేదీలే అవి.

మొదటిసారి మందు ఎక్కించాక ఆమె చెవుల్లో హోరు మొదలైంది. కొనసాగిస్తే ముందు సన్నని స్వరాలు వినపడకుండా పోతాయని డాక్టర్ చెప్పారు. ఆ రెండు గుంపుల పాటలకు తేడా చివర్లో వచ్చే సన్నని కూతల్లోనే ఉంది. తర్వాత ఆమె ఆసుపత్రి గడప తొక్కలేదు. రైలు దిగి నేరుగా నా గదికి వచ్చి వినేది. మందు వాడి ఉంటే ఇంకో ఏడాది ఉండేదేమో. బతిమాలాను. "ఆయనకు చెప్పినావంటే నీ మొఖం చూడను," అంది. పేరుంటే ఆ తేదీలు తనవని మీకు తెలిసిపోతుందని తీసేయమంది.

పద్మజ

మార్కాపురం,
జులై 9

పద్మజ గారికి,

మూడో పేజీ చూశాను.

ఆ సాయంత్రాలు ఆమె ఫోన్ చేసేది. "ఎక్కించినారు. వాంతులు లేవు. మీరు తిన్నారా?" జుట్టు రాలలేదని నేను దర్గాలో చదివింపులు చేయించాను.

పాట వింటే ఏ గుంపుదో తెలుస్తుందంటారు మీరు. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి గొంతు విని, ఎక్కడి నుంచి మాట్లాడుతోందో నాకు తెలియలేదు.

పేరు దొంగిలించారని అనుకున్నాను. క్షమించండి. ఆ ఏడాది నాది కూడా. నన్ను అడగకుండా మీరిద్దరూ ఖర్చు పెట్టారు.

ఆమె పేరు వేయండి. షేక్ నసీమా, మార్కాపురం. ముందు ఆమెది, తర్వాత మీది. తేదీలు మార్చవద్దు.

అచ్చయ్యాక ఒక ప్రతి పంపండి. లోపల ఉత్తరం పెట్టవద్దు. పెట్టినా, అన్నా అని రాయవద్దు.

నసీమా భర్త,
సాజిద్