గోడ మీదికి రాని పాట

జువ్వలదిన్నె,
శనివారం.

నాయనా గిద్యోనూ,

నాన్న రాసే దీవెనలు. దేవుని దయవల్ల ఇంట్లో అందరం బాగున్నాం. ట్రైనింగులో నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తున్నాం. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. తగ్గింది, నన్ను కోప్పడే ఓపిక కూడా వచ్చింది. చెల్లెలు అబిగయీలుకు హాలు టికెట్ అందింది. గాలి గట్టిగా ఉందని వారం నుంచి పడవలు హార్బరు దాటలేదు. చేపల పులుసు లేక పప్పుతోనే గడుస్తోంది.

నువ్వు ఉత్తరంలో రాసినట్టే చేశాను. మందిరం లాప్‌టాప్ ఆన్ చేసి ఎస్కేప్ మీట టకటకా నొక్కితే నువ్వన్న జాబితా వచ్చింది. అందులో పాత కెర్నల్, అంటే లాప్‌టాప్‌ను నడిపే లినక్స్‌లో పాతది, ఎంచుకున్నాను. ఎప్పుడూ నల్లబడే చోట ఈసారి నల్లబడలేదు. ప్రొజెక్టరు తగిలిస్తే పాటలు గోడ మీదికీ వచ్చాయి. అమ్మ స్తోత్రం అంది. నాకు మాత్రం సంతోషం కలగలేదు.

"ముందు బొమ్మ వచ్చి తర్వాత నల్లబడుతోందంటే స్క్రీను మంచిదే. మందిరం ఊడ్చే జకరయ్య పెదనాన్న గుడ్డతో తుడిస్తే ఇలా అవదు. నిజంగా ఎవరూ ఏమీ నొక్కలేదా నాన్నా?" అని రాశావు. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు రాయలేక ఐదు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను.

నేనే నొక్కానురా. మూడు వారాల కిందట, శనివారం మందిరంలో పాటలు వరుసగా పెట్టుకుంటుంటే, కొత్త లినక్స్ వచ్చింది, అప్‌గ్రేడ్ చేయాలా అని లాప్‌టాప్ అడిగింది. 'నేను వచ్చేదాకా వద్దు' అని నువ్వు అంటించిన చీటీ మీటల పక్కనే ఉంది. సంఘ పెద్దను, కొడుకు చీటీ చూసి నడుచుకోవాలా అనుకున్నాను.

మర్నాడు ఆరాధనలో అందరూ గోడవైపు చూస్తున్నారు. ఏమీ రాలేదు. "నిన్న జకరయ్య ఊడ్చి తుడిచినాడు, తడి తగిలి పోయినట్టుంది" అనేశాను. అంతటితో ఆగానా? "పాటలు గోడ మీదికి వచ్చినకాడి నుంచి ఆయనకు కడుపుమంట" అని కూడా అన్నాను. లాప్‌టాప్ రాకముందు ఆయన చరణం అందిస్తేనే గదా మనమంతా పాడేవాళ్ళం. జకరయ్య లేచి నిలబడి, ఎప్పటిలాగే ఒక్కో చరణం అందించి, ఆ రోజు పాటలన్నీ పాడించాడు. ఆ తర్వాత రెండు ఆదివారాలూ మందిరానికి రాలేదు.

నిన్న లాప్‌టాప్ బాగయ్యాక నా తప్పంతా టైపు చేశాను. పాటలకు ముందు గోడ మీద వేస్తే నోటితో చెప్పే పని తప్పుతుందని నా ఉపాయం. అంతా అయ్యాక గుర్తొచ్చింది, జకరయ్యకు చదువు రాదు. ఆ పాటలన్నీ చెవితో విని పట్టుకున్నవే.

సిగ్గుతో తల వంచుకుని ఇందాక వాళ్ళింటికి వెళ్ళాను. వల బాగుచేసుకుంటున్నాడు.

"తప్పు నాది జకరయ్యన్నా. నేనే నొక్కి చెడగొట్టినాను."

"తెలుసులే టైటసూ. నువ్వు నొక్కేటప్పుడు నేను చీపురు పట్టుకోని నీ ఎనకాలే ఉండాను. పిల్లోడి చీటీని అరచేత్తో మూసి మరీ నొక్కినావు."

"మరి ఆ పొద్దే చెప్పుండొచ్చు గదన్నా."

"చెప్తే అంతమందిలో నువ్వు మొగం యాడ పెట్టుకుంటావు? పాటకు టైమైపోతా ఉంటే లేచి పాడినాను." వల మీద నుంచి తల ఎత్తలేదు. "నా ఇంటికొచ్చి చెప్పినావు, సరే. నువ్వు అన్నది సంఘంలో గదా."

రేపు ఆదివారం. టైపు చేసింది తుడిచేశాను. పాటలు మొదలయ్యే ముందు లేచి నోటితోనే చెబుతాను. చీటీని చేత్తో మూసిన సంగతి నీకు కూడా దాచిపెడదామనుకున్నాను. అదీ చెబుతాను. ఆ చీటీ నువ్వు రాసింది కాబట్టి ముందు నీకు చెబుతున్నాను.

ఇట్లు,
నీ మాట చేత్తో మూసిన నాన్న,
టైటస్