ఇంజినులో తులసాకు

లిలువా

అనంతకృష్ణా,

తుక్కు కార్లు కొనే ఆయన్ని ఆదివారం పంపకు. మావయ్యగారు వదిలివెళ్ళిన కారు ఎందుకు తడబడుతోందో తెలిసింది.

ఎండెక్కాక బాగానే నడుస్తుంది, పొద్దుటే ఇంజిను దగ్గుతుంది. ప్లగ్గులు, వైర్లు ఒక్కొక్కటే మార్చి చూశాను. దగ్గు పోలేదు. నిన్న ఉదయం పొగమంచుకు షెడ్డంతా మసకగా ఉంటే, బానెట్ ఎత్తి ఇంజిను నడిపించాను. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత మీద సన్నటి నీలి మెరుపులు పాకుతున్నాయి. కలలో ఉన్నట్టు చూస్తూ నిలబడిపోయాను. ఇంజిను ఆపి తడిమితే మూత తడిగా ఉంది, వేలికి తులసాకు అంటుకుంది. ఆ తడికే కరెంటు ప్లగ్గులకు చేరకుండా పక్కకి పోతోంది.

అత్తయ్యగారిని అడిగాను.

"నానేనే. మీ మావయ్య బండి కదేటే, పూజవగానే బానెట్ జాలీలోంచి కాసింత గంగ పోస్తన్నాను. దగ్గు తగ్గకపోతే రేపట్నుంచి చెంబుడు పోస్తాను" అన్నారు.

ఆవిడ లోపలికెళ్ళాక, పాత రబ్బరు గ్లవ్ కత్తిరించి తడి తగలకుండా మూతకు తొడిగాను.

ఈవేళ ఆవిడ చెంబుడూ పోశారు. ఇంజిను ఒక్కసారి కూడా తడబడలేదు. ఆవిడ ముందు సీట్లో కళ్ళు మూసుకుని, "ఆయన గంగ ఒడ్డున తిప్పినప్పుడు ఇదే సప్పుడు" అన్నారు.

ఆవిడకి ఫోన్ చేసినప్పుడు నువ్వు కూడా గంగ మహిమేనని చెప్పు. గ్లవ్ మాట ఎత్తకు.

మీ వదిన