వంతెన మీద కుర్చీ

సోమవారం

అక్కకు తమ్ముడి నమస్కారాలు.

నేనిక్కడ క్షేమం. నువ్వక్కడ క్షేమమేనని నా టేబుల్ దగ్గర్నుంచే కనిపిస్తోంది. ఇప్పుడే లైబ్రరీ కిటికీ తెరిచి, దుమ్ముగుడ్డ సరిగ్గా మా కౌన్సిల్ ఆఫీసు వైపు తిప్పి దులిపావు. పన్నెండడుగుల రోడ్డుకి అటొకరూ ఇటొకరూ కూర్చుని ఈ ఉత్తరాలేమిట్రా అని విసుక్కోకు. ఎజెండాలో ఉన్న అంశంతో సంబంధం ఉన్నవాళ్లతో కార్యదర్శి నోటిమాటగా మాట్లాడకూడదని మా నియమం. మీ ఇంటికి రాకూడదు, రోడ్డు మీద పలకరించకూడదు. కాగితం మీదయితే ఎంతైనా మాట్లాడుకోవచ్చు. అందుకే ఇది చీపురాయన చేతికిచ్చి పంపుతున్నాను. ఆయన రోడ్డు ఊడ్చుకుంటూ గానీ దాటడు కాబట్టి కాస్త ఆలస్యమవుతుంది.

సంగతేమిటంటే, మన కౌన్సిల్ చేతిలో చిల్లిగవ్వ లేదు. కాలవ అవతలి ఊరి కౌన్సిల్ పరిస్థితీ అంతే. ఇద్దరు చైర్మన్లూ కూర్చుని, ఇకమీదట రెండూళ్లూ సేవల్ని పంచుకోవాలని నిర్ణయించారు. దానికొక ఉమ్మడి కమిటీ వేశారు. ఖర్చు తగ్గించే కమిటీకి కూర్చోవడానికి గది లేదు. అందుకని నీ లైబ్రరీ మూసేసి, పుస్తకాలు అవతలి ఊరికి పంపేసి, ఆ గదిలో కమిటీని పెట్టాలని ఒక అంశం చేర్చారు. ఎజెండాలో అదే చివరిది.

నువ్వు బాధపడతావని తెలుసు. కానీ నేను కార్యదర్శిని, ఓటు లేదు. ప్రతి గురువారం ఇద్దరు చైర్మన్లూ వచ్చే మా సభలో ముందు ప్రజల ఉత్తరాలు చదివి చర్చిస్తాం, ఆ తర్వాతే మిగతావి. అయిదు గంటలు కొట్టగానే సభ ముగుస్తుంది. నీ అభిప్రాయం రాసి పంపు. ఎంత పొడుగ్గా రాస్తే అంత మంచిది.

ఇట్లు,
నీ తమ్ముడు, కౌన్సిల్ కార్యదర్శి

తా.క. ఖర్చు తగ్గింపు ఇప్పటికే మొదలైంది. ఆఫీసు గడియారంలో సెకన్ల ముల్లు తీసేశారు. అనవసరంగా తిరుగుతోందట.

మంగళవారం

తమ్ముడికి అక్క ఆశీర్వదించి రాస్తున్నది.

ఆశీర్వాదం అలవాటుకొద్దీ రాశాను, మురిసిపోకు.

ముప్ఫై ఏళ్లుగా ఈ గదిలో కూర్చుంటున్నాను. పదకొండు బీరువాలు. కళ్లు మూసుకుని ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పగలను. ఏ పుస్తకంలో ఎవరు ఏ పేజీ దగ్గర నిద్రపోయారో కూడా చెప్పగలను. రోజూ వచ్చే రిటైరైన టైలరుకి ఇంట్లో కోడలు కుర్చీ వెయ్యదు. ఇక్కడ నేను వేస్తాను. రేపట్నుంచి ఆయన మీ కమిటీ ఒళ్లో కూర్చుంటాడా?

మీకంత పొదుపు కావాలంటే లైబ్రరీ దగ్గరే ఆగిపోవడమెందుకు? రెండూళ్లకీ రెండు ఫైరింజన్లెందుకు? బండి మన ఊళ్లో పెట్టండి, నీళ్ల ట్యాంకు అవతలి ఊళ్లో పెట్టండి. ఇల్లు అంటుకున్నప్పుడు రెండూ వచ్చేదాకా ఆగమని మంటకి నోటీసివ్వండి. మీ ఆఫీసు నోటీసంటే నిప్పు కూడా భయపడుతుంది మరి! చదువు, ఇదే నా అభిప్రాయం అని సభలో చదువు.

అసలు నిన్నని ఏం లాభం. చిన్నప్పుడు విసుగొచ్చి "పోయి కాలవలో దూకరా" అంటే నిజంగానే వెళ్లి దూకినవాడివి. ఊరంతా నవ్వింది. యాభై దాటినా నీకు బుర్ర పెరగలేదు.

ఇట్లు,
మీ అక్క (ఎన్నాళ్లో తెలియని లైబ్రేరియన్)

తా.క. చీపుర్ని మాత్రం ఎందుకు వదిలేశారు? పుల్లలు మనకి, కర్ర వాళ్లకి ఇచ్చుకోండి.

ఆదివారం

అక్కకు నమస్కారాలు, అభినందనలు.

శుభవార్త. నీ అమూల్యమైన సూచనని గురువారం సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. బండి మనకి, ట్యాంకు వాళ్లకి. మంటకిచ్చే నోటీసు ఏ రంగు కాగితం మీద ఉండాలన్న దగ్గరే గంటన్నర పట్టింది. ఎరుపు వద్దన్నారు, మంట రెచ్చిపోతుందని.

నిన్న ప్రయోగం కూడా చేశాం. మైదానంలో గడ్డి కుప్ప పోసి అంటించారు. మన బండి నాలుగు నిమిషాల్లో వచ్చి, గంట కొట్టి, పక్కన నిలబడింది. ట్యాంకు వంతెన దాటి వచ్చేసరికి గడ్డి మొత్తం కాలి దానంతటదే ఆరిపోయింది. చుక్క నీరు ఖర్చు కాకుండా మంట ఆరినందుకు ఇద్దరు చైర్మన్లూ చేతులు కలిపి ఫోటో దిగారు.

చీపురు విషయం కూడా ఆమోదం పొందింది. చీపురాయన సోమవారం నుంచి పుల్లలు చేత్తో పట్టుకుని, నడుం వంచి ఊడుస్తాడు. ఈ సలహా ఎవరిదని అడిగాడు. ప్రభుత్వ ఉద్యోగిని కదా, అబద్ధం చెప్పలేకపోయాను.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. నీ సూచన మీద చర్చ అయ్యేసరికి అయిదు కొట్టింది. లైబ్రరీ అంశం వాయిదా పడింది. వచ్చే గురువారం తప్పకుండా వస్తుంది, కాబట్టి ఇంకేమైనా సూచనలుంటే పంపు.

సోమవారం

ఒరేయ్!

నీకు ఆశీర్వాదం లేదు, పాడూ లేదు. అది ఎత్తిపొడుపురా! ఎత్తిపొడుపు! ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నాడట నీలాంటివాడు. ఇక్కడ దూడని కట్టేసి పాలు పితకడానికి తీర్మానం కూడా చేశారు!

పొద్దున చీపురాయన నీ ఉత్తరం తెచ్చి నా ముందు పడేశాడు. "అమ్మా, నేను మీకేం అపకారం చేశాను?" అన్నాడు. నడుం పట్టేసి కొడవలిలా వంగిపోయాడు మనిషి. క్షమించమని అడిగి, టీ తెప్పించి ఇచ్చి, మా ఇంటి చీపురు ఇచ్చి పంపాను. దాన్ని కూడా రేపు సగం చేస్తారేమో.

టైలరు చూడబోతే నన్ను చూసి లేచి నిలబడుతున్నాడు. కౌన్సిల్‌కి సలహాదారునయ్యానట. తన కోడలి మీద ఒక తీర్మానం చేయించమని అర్జీ రాసుకొచ్చాడు.

నువ్వు సభలో నా ఉత్తరం చదివేటప్పుడు కిటికీలోంచి చూశాను. చేతిరుమాలు నోట్లో కుక్కుకుని ఊగిపోతున్నావు. ఏడుస్తున్నావా? ఏడవాల్సిందే.

ఇంకా సూచనలు కావాలా? రాసుకో. రెండూళ్లకి ఇద్దరు చైర్మన్లు, రెండు గదులు, రెండు కుర్చీలు ఎందుకు? కాలవ వంతెన మీద సరిగ్గా మధ్యలో ఒక్క కుర్చీ వేయండి. సగం అటు, సగం ఇటు. ఇద్దరూ దాని మీదే కూర్చోండి. పైకప్పు ఖర్చు కూడా ఉండదు. వర్షమొస్తే తడుస్తారు, తడిస్తే కాస్త బుద్ధి మొలకెత్తొచ్చు. ఇదిగో, మళ్లీ చెబుతున్నాను, ఇది కూడా ఎత్తిపొడుపే!

ఇట్లు,
నీ ఖర్మకొద్దీ నీ అక్క

తా.క. లైబ్రరీ సంగతి ముందు తేల్చండి. మూస్తే మూస్తామనండి. మెడ మీద కత్తి పెట్టి, టైము చాలలేదు, వచ్చే వారం రమ్మంటే ఎలా?

శనివారం

అక్కకు నమస్కారాలు.

ముందుగా, అది ఏడుపు కాదు. పన్ను నొప్పి. గురువారాలు వస్తుంది.

రెండో శుభవార్త. కుర్చీ తీర్మానం నెగ్గింది. "ఇది ఎత్తిపొడుపే" అని నువ్వు రాసిన వాక్యం కూడా చదివి వినిపించాను. దాన్ని మినిట్స్‌లో రాయాలా వద్దా అని అరగంట మాట్లాడుకున్నారు. చివరికి, సూచన చేసినవారి వినయాన్ని సభ అభినందిస్తోంది అని రాయించారు.

తర్వాత వంతెన మధ్యభాగం ఎక్కడా అన్న ప్రశ్న వచ్చింది. అందరూ టేపు పట్టుకుని అక్కడికే వెళ్లాం. మనవాళ్లు కొలిస్తే వాళ్ల వైపు జరిగింది, వాళ్లు కొలిస్తే మన వైపు వచ్చింది. రెండు కొలతలకీ మధ్య ఒక మధ్య తీశారు. ఇప్పుడు కుర్చీ అక్కడుంది. కుడి చెయ్యి వాళ్ల ఊళ్లో, ఎడమ చెయ్యి మన ఊళ్లో. ఇద్దరు చైర్మన్లూ చెరి సగం కూర్చున్నారు. మన చైర్మన్ నీకు తెలుసుగా, మనిషి కాస్త విశాలం. ఆయన ఊపిరి పీల్చినప్పుడల్లా సరిహద్దు జరుగుతోందని అవతలాయన లిఖితపూర్వకంగా అభ్యంతరం చెప్పారు.

బండ్లన్నీ ఆగిపోయాయి. కూరగాయల బండి ఆమె, "దిగుతారా, దింపమంటారా?" అని అడిగింది. ఇద్దరూ దిగలేదు. ముందు దిగినవాడి ఊరు ఓడినట్టట.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. వంతెన దగ్గర్నుంచి తిరిగొచ్చేసరికి అయిదు దాటింది. లైబ్రరీ అంశం మళ్లీ వాయిదా. వచ్చే గురువారం మూడోసారి వస్తుంది. ఈసారి ఉత్తరం మాత్రం మర్చిపోకు అక్కా.

సోమవారం

తమ్ముడికి,

ఇది ఎత్తిపొడుపు కాదు. రెండుసార్లు చదువుకో. కావాలంటే ఎవరైనా తెలివైనవాళ్ల చేత చదివించుకో.

నాకిక ఓపిక లేదు. నిన్న పుస్తకాలు సర్దడం మొదలుపెట్టాను. మూడు బీరువాలు ఖాళీ చేసేసరికి గోడ కనిపించింది. ముప్ఫై ఏళ్లలో ఆ గోడ నేనెప్పుడూ చూడలేదు. కూర్చుని ఏడ్చాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, టైలరు ముందే ఏడ్చాను. ఆయన ఏం చెయ్యాలో తెలియక, నేను ఖాళీ చేసిన పుస్తకాలన్నీ మళ్లీ అరల్లో పెట్టేశాడు. అన్నీ తలకిందులుగా పెట్టాడు.

నీ మీద కోపం కూడా లేదు. తప్పంతా నాదే. నువ్వు మాటని మాటగానే తీసుకుంటావని తెలిసీ నోరు పారేసుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. కాలవ సంగతి నవ్వుతూ అందరికీ చెబుతాను గానీ, అది తలుచుకుంటే నాకిప్పటికీ గుండె ఝల్లుమంటుంది. ఆ రోజు నేను స్కూలు లైబ్రరీ పుస్తకం వానలో తడిపేశాను. నాన్న బెత్తం పట్టుకుని వీధి మలుపు తిరిగాడు. ఇక చదువు మాన్పిస్తానని అరుస్తున్నాడు. నువ్వేమో నా చుట్టూ తిరుగుతూ "ఏం చేద్దామక్కా, ఏం చేద్దామక్కా" అన్నావు. ఆ భయంలో అన్నాను, పోయి కాలవలో దూకమని. నువ్వు దూకావు. నాన్న బెత్తం పారేసి నీ వెనకాల పరిగెత్తాడు. నిన్ను బయటికి లాగాక ఇద్దర్నీ పట్టుకుని కూర్చున్నాడు తప్ప పుస్తకం మాటే ఎత్తలేదు. ఆ రోజు నీకేమైనా అయి ఉంటే?

అందుకే చెబుతున్నాను. ఈ ఉత్తరం సభలో చదవకు. ఏ సూచనా లేదు. మూసేస్తే మూసెయ్యమను.

ఇట్లు,
అక్క

తా.క. ఇంతకీ ఖర్చు తగ్గాలంటే మూయాల్సింది లైబ్రరీని కాదు, రెండూళ్ల కౌన్సిళ్లనీ. మూసేసి తాళంచెవి చీపురాయనకివ్వండి. రెండూళ్లకీ కలిపి పనిచేసేది ఆయనొక్కడే. అయ్యో, మళ్లీ రాసేశాను. కొట్టేసి వేరే రాద్దామంటే కింద చోటు లేదు, నువ్వే కొట్టెయ్యి.

శుక్రవారం

అక్కకు తమ్ముడి సాష్టాంగ నమస్కారాలు.

ఉత్తరం చదవొద్దన్నావు. చదవలేదు. తాజాకలం చదవొద్దని మాత్రం ఎక్కడా రాయలేదు.

కౌన్సిళ్లు మూసెయ్యాలన్న సూచనకి ఇద్దరు చైర్మన్లూ వెంటనే ఒప్పుకున్నారు. మనాయన అవతలిది ముందు మూయాలన్నారు, అవతలాయన మనది ముందు మూయాలన్నారు. మూడింటి నుంచి నాలుగున్నర దాకా అదే. ఆఖరికి చీపురాయన్ని పిలిచి, తాళంచెవి తీసుకోవడం నీకు సమ్మతమేనా అని అడిగారు. "అది ఎప్పుడూ నా దగ్గరే ఉంటుందయ్యా. పొద్దున తీసేదీ నేనే, సాయంత్రం వేసేదీ నేనే. మధ్యలో మీరేం చేస్తారో నాకు తెలీదు" అన్నాడాయన. ఇది సమాధానమా, అవమానమా అని సభ తేల్చుకునేలోపు అయిదు కొట్టింది.

లైబ్రరీ అంశం మూడోసారి వాయిదా పడింది. ఇప్పుడు మా నియమావళి నలభయ్యో పేజీ చెబుతాను, విను. ఏ అంశమైనా వరసగా మూడుసార్లు వాయిదా పడితే అది రద్దయినట్టే. మళ్లీ అయిదేళ్లదాకా ఎజెండాలో పెట్టకూడదు. కార్యదర్శికి ఓటు లేదు, మాట్లాడే హక్కు లేదు. ప్రజల ఉత్తరాలు మొదలు నుంచి చివరిదాకా, నిదానంగా, స్పష్టంగా చదివే హక్కు మాత్రం ఉంది. ఈ ఊళ్లో గంటలకొద్దీ చర్చ లేవదీయగల ఉత్తరం రాసే మనిషి ఒక్కరే ఉన్నారు. ఆవిణ్ణి ముందే హెచ్చరిస్తే ఉత్తరంలో ఉప్పూకారం తగ్గిపోతాయి. అందుకే చెప్పలేదు. నిన్ను ఏడిపించినందుకు మాత్రం నిజంగా బాధగా ఉంది. ఆ గోడ సంగతి చదివి నేనూ ఏడ్చాను. అది పన్ను నొప్పి కాదు.

కంగారుపడకు. నీళ్ల ట్యాంకు ప్రయోగం జరిగిన శనివారం సాయంత్రమే బండి దగ్గరికి చేర్చేశాను. కాగితం మీద మాత్రమే అది అవతల ఉంది. చీపురాయనకి కొత్త చీపురు కూడా వచ్చింది, కర్రతో సహా.

ఇకనుంచి నోటిమాటగా మాట్లాడుకోవచ్చు. సాయంత్రం లైబ్రరీకి వస్తున్నాను. తలకిందులుగా ఉన్న పుస్తకాలు ఇద్దరం కలిసి సరిచేద్దాం.

ఇట్లు,
నీ తమ్ముడు

తా.క. కుర్చీ ఇంకా వంతెన మీదే ఉంది. ఎవరు ముందు తీస్తే వాళ్ల ఊరు ఓడినట్టట. ప్రస్తుతం కూరగాయల బండి ఆమె దాని మీద కూర్చుని వ్యాపారం చేసుకుంటోంది. ఇప్పటిదాకా రెండూళ్లకీ ఉమ్మడిగా పనికొచ్చిన సేవ అదొక్కటే.

మళ్లీ తా.క. నలభై ఏళ్లుగా నీకు చెప్పని మాట ఒకటుంది. ఆ రోజు కాలవలో దూకేనాటికి నాకు ఈత వచ్చక్కా.